తమ్ముడు జైలు నుంచి వస్తున్నాడు, నిజంగా మారాడని ఎలా నమ్మాలి?

ప్రశ్న: మేడం, మాది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఇద్దరు ఆడపిల్లలు. మా తమ్ముడికి ముప్పై ఏళ్ళు. నాలుగేళ్ళ కింద దసరా రాత్రి బెల్టు షాపు దగ్గర మాటా మాటా పెరిగి మా ఊరతన్నే బీరు సీసాతో కొట్టాడు. అతనికి ఒక కన్ను పోయింది. అప్పట్నుంచీ వాడు జైల్లోనే ఉన్నాడు, ఇంకో మూడు నెలల్లో విడుదల. ఏడాదిగా లోపల ఏవో క్లాసులు జరుగుతున్నాయట, సీబీటీ అంటారట. ములాఖత్‌కి వెళ్ళినప్పుడల్లా "అక్కా, మా ఆలోచనలు మాతోనే నోట్‌బుక్‌లో రాయిస్తున్నారు, కోపం వచ్చేది నాకిప్పుడు ముందే తెలుస్తోంది" అంటాడు. నాకు ఆశగా ఉంది. మా ఆయన మాత్రం "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు, వాడు ఈ ఇంట్లో అడుగు పెట్టొద్దు" అంటున్నారు. అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది, వాణ్ణి తన దగ్గరికే పంపమంటోంది. మాట్లాడించి, రాయించి మనిషిని మార్చగలరా? వాణ్ణి ఎక్కడ ఉంచాలి? నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ వారి గురించి ఒక మాట. ఆయన్ని రాతిగుండె మనిషి అనుకోకండి. ఇద్దరు ఆడపిల్లల తండ్రికి ఆ భయం ఉండటం న్యాయమే. పైగా ఆయన అన్నటువంటి మాటని ఒకప్పుడు ఈ రంగంలో పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. 1974లో అమెరికాలో రాబర్ట్ మార్టిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఖైదీల్ని మార్చడానికి జరిగిన ప్రయత్నాల మీద 231 అధ్యయనాల్ని తిరగేసి, వీటిలో చెప్పుకోదగ్గ ఫలితం వచ్చినవి చాలా తక్కువని రాశాడు. జనం దాన్ని 'ఏదీ పనిచేయదు' అని కుదించుకుని పట్టుకున్నారు. 1979లో ఆయనే మళ్ళీ కొన్ని పద్ధతులు పనిచేస్తున్నాయని తన మాట సవరించుకున్నాడు, కానీ మొదటి మాట పాకినంత వేగంగా రెండోది పాకలేదు.

మీ మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. మార్చవచ్చు, కానీ అందర్నీ కాదు, ఒకసారి మారితే ఇక చూసుకోనక్కర్లేదనీ కాదు. 2007లో మార్క్ లిప్సీ అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్ళూ నేరం చేసినవాళ్ళకి సీబీటీ, అంటే ఆలోచనా తీరునీ నడవడికనీ మార్చే మానసిక చికిత్స, ఇచ్చిన 58 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి లెక్క కట్టారు. సగటున తేలిందేమిటంటే, ఈ చికిత్స అందనివాళ్ళలో నూటికి నలభై మంది మళ్ళీ నేరం చేస్తే, అందినవాళ్ళలో ముప్పై మంది చేశారు. అంతేనా అనిపిస్తుంది కదా? కానీ తగ్గిన ఆ పదిమంది చేతుల్లో దెబ్బ తినకుండా ఇంటికి చేరినవాళ్ళు ఎవరో ఉన్నారు, ఒకరి కన్ను నిలబడింది, ఇంకొకరి కొడుకు బతికాడు, అందుకే నాకా అంకె చిన్నదనిపించదు. మిగిలిన ముప్పై కూడా నిజమే. మీ వారి భయానికి ఆధారం ఆ ముప్పై, మీ ఆశకి ఆధారం ఆ పది. ఇద్దర్లో ఎవరూ తప్పు మాట్లాడటం లేదు.

ఆ లెక్కలోనే మీకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. కార్యక్రమానికి ఏ పేరు పెట్టారన్నది పెద్ద తేడా చూపించలేదు. ఎంత శ్రద్ధగా నడిపారు, కోపాన్ని అదుపు చేసుకోవడం, నలుగురిలో చిక్కు వచ్చినప్పుడు విడదీసుకోవడం చేయించి నేర్పారా లేదా, అన్నవాటి వల్ల తేడా వచ్చింది. నేరస్వభావం బాగా ముదిరిందనుకున్నవాళ్ళలోనే ఫలితం ఎక్కువ కనిపించింది కూడా. ఇది వింటే చాలామందికి ఆశ్చర్యం, 'వీడు ఇక బాగుపడడు' అని మనం పక్కన పెట్టేసేవాడికే దీని అవసరం, దీనివల్ల లాభం, రెండూ ఎక్కువ.

అసలు లోపల ఏం చేస్తారో చెప్తాను, ఎందుకంటే 'కౌన్సెలింగ్' అనగానే మనవాళ్ళకి ఎవరో పెద్దమనిషి కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పడం గుర్తొస్తుంది. మంచి మాటలు తెలియక ఎవరూ సీసా ఎత్తరమ్మా. కోపం చెడ్డదని మీ తమ్ముడికి ఆ దసరా రాత్రి కూడా తెలుసు. నేను కొన్నేళ్ళు ఒక జైల్లో ఇలాంటి గ్రూపు నడిపాను. జంపఖానా మీద పన్నెండు మంది, ఒక్కొక్కరి దగ్గరా ఒక నోట్‌బుక్, పేజీకి నాలుగు గళ్ళు: ఏం జరిగింది, మనసులో ఏ మాట వచ్చింది, ఒంట్లో ఏమైంది, నేనేం చేశాను. కొట్లాట కేసులో వచ్చిన ఒకాయన మొదటి వారం మొదటి గడిలో 'టిఫిన్ లైన్లో తోశాడు, ప్లేటు పడింది' అని రాసి, చివరి గడిలో 'కొట్టాను' అని రాసి, మధ్యలో రెండు గళ్ళూ ఖాళీగా వదిలేశాడు. ఏమనుకున్నావయ్యా అంటే "ఏమీ అనుకోలేదు మేడం, కోపం వచ్చింది, కొట్టాను" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే అతనికి ఆ రెండు గళ్ళూ కనబడలేదు. మేం పనిచేసేదంతా అక్కడే.

మూడు వారాలకి అతనే కనిపెట్టాడు, చేయి లేవడానికి ముందు తన చెవులు వేడెక్కుతాయని. ఇంకో వారానికి, ఆ చెవులు వేడెక్కడానికి ముందు మనసులో ఒక మాట మెరుస్తుందని పట్టుకున్నాడు: 'ఇప్పుడు ఊరుకుంటే రేపు అందరూ నా నెత్తినెక్కుతారు.' ఆ మాట వాళ్ళ నాన్నదట. అప్పుడు దాన్ని గ్రూపు మధ్యలో పెట్టి అందరం నిలదీశాం. బ్యారక్‌లో గొడవలకి పోనివాళ్ళు ఎంతమంది, వాళ్ళ నెత్తిన ఎవరెక్కారు, కొట్టినందుకు నీ నెత్తిన ఎవరూ ఎక్కకుండా పోయారా, ఇప్పుడు ఎక్కడున్నావు అని. ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. చేతిలో ఖాళీ ప్లేటు పెట్టి లైన్లో నిలబెట్టి, ఇంకొకతనితో కావాలనే భుజంతో తోయించాం, ఒకసారి కాదు, పదిహేనుసార్లు. గాలి వదలాలి, చూపు ప్లేటు మీదికి దించాలి, "చూసుకో అన్నా" అనాలి, పక్కకి జరగాలి. తొమ్మిదోసారి అతనికి నిజంగానే కోపం వచ్చి ఒళ్ళు వణికింది, ఆపేసి అందరం కింద కూర్చున్నాం. కొన్నాళ్ళకి ఓ పొద్దున వచ్చి చెప్పాడు: "నిన్న నిజంగా తోశాడు మేడం. కొట్టలేదు. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు."

ఆ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. కొత్త పని చేసిన రోజు వాళ్ళకి గెలిచినట్టు ఉండదు, పరువు పోయినట్టే ఉంటుంది. అలాంటి రోజున ఇంట్లో ఎవరైనా తేలిగ్గా ఒక మాటంటే, పాత దారి ఎంత సులువో అతనికి ఇట్టే గుర్తొస్తుంది.

డిప్రెషన్‌కి, టెన్షన్‌కి ఇచ్చే సీబీటీ వేరు, దీని పోకడ వేరు. అక్కడ మనిషి తన్ను తాను అతిగా నిందించుకుంటాడు, దాన్ని సడలిస్తారు. ఇక్కడ ఎక్కువగా నింద పక్కవాడి మీదికి పోతుంది: వాడే రెచ్చగొట్టాడు, మందు తాగించారు, నేను చిన్నగా కొట్టా గానీ సీసా అలా పగిలింది. ఈ మాటల్ని ఒక్కొక్కటే విప్పాలి. తిట్టి విప్పలేం, ఏడిపించీ విప్పలేం. ఇందాక చెప్పిన 2007 లెక్కలో, బాధితుల గోడు వినిపించి మనసు కరిగించే పాఠాలు కలిపిన కార్యక్రమాల్లో ఫలితం తక్కువగా కనిపించింది. బాధితుడి గురించి ఆలోచించొద్దని దానర్థం కాదు. సిగ్గుతో కుంగిపోయినంత మాత్రాన చేయి ఆపుకోవడం రాదు. ఇది మీ ఇంటికి ఎక్కువ వర్తిస్తుంది. వచ్చిన రోజు నుంచి బంధువులంతా "మీ అమ్మ ఎలా ఎండిపోయిందో చూడు, అతని కన్ను పోయింది చూడు" అని మొదలుపెడతారు. అతను తలవంచుకుంటాడు, అందరికీ తృప్తిగా ఉంటుంది, మార్పుకి మాత్రం దాంతో పని లేదు. ఆపగలిగితే మీరు ఆపండి.

ఇప్పుడు లైబీరియా సంగతి చెప్పాలి, దూరదేశమే అయినా 'నేనేం చేయాలి' అన్న మీ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు అక్కడే ఉంది. అంతర్యుద్ధాలు ముగిశాక రాజధాని మన్రోవియాలో దొంగతనాలు, కొట్లాటలు, మత్తుమందుల అమ్మకంతో బతికే కుర్రాళ్ళు వేలల్లో మిగిలారు. జాన్సన్ బోర్ అనే ఆయన, తనూ ఒకప్పుడు యుద్ధంలో తుపాకీ పట్టినవాడే, వాళ్ళ కోసం ఎనిమిది వారాల సీబీటీ మొదలుపెట్టాడు. ఇరవై మందికి ఇద్దరు నడిపేవాళ్ళు, వాళ్ళలో చాలామంది అదే బతుకు నుంచి బయటపడ్డవాళ్ళు. మాటలతో ఆగలేదు. జుట్టు కత్తిరించుకుని, ఉతికిన బట్టలేసుకుని బ్యాంకులోకో సూపర్ మార్కెట్లోకో వెళ్ళి మామూలు మనిషిలా మాట్లాడి రమ్మనేవాళ్ళు, వచ్చి ఏం జరిగిందో గ్రూపులో చెప్పాలి. క్రిస్ బ్లాట్‌మన్ అనే ఆర్థికవేత్తా ఆయన తోటివాళ్ళూ దీన్ని 999 మంది మీద పరీక్షించారు, లాటరీ తీసి కొందరికి చికిత్స, కొందరికి 200 డాలర్లు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. చేతికి డబ్బిస్తే తాగేస్తారని అందరూ అన్నారు, ఎక్కువమంది అలా చేయలేదు. ఏడాది తిరిగేసరికి ఒక్క చికిత్సే అందినవాళ్ళలో ఫలితం పలచబడింది. డబ్బు మాత్రమే అందినవాళ్ళలో నేరాల విషయంలో నిలిచే మార్పు రాలేదు. రెండూ అందినవాళ్ళలో నిలబడింది, పదేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే కూడా దొంగతనాలూ హింసా దాదాపు సగం తక్కువగానే ఉన్నాయి.

200 డాలర్లతో ఎవరి జీవితమూ గట్టున పడదు. కానీ ఆ కాస్త పెట్టుబడితో చిన్న వ్యాపారం పెట్టుకుని, కొన్నాళ్ళు దుకాణదారుడిలా నిలబడ్డారు, నేర్చుకున్న నడవడిక ఒంటికి పట్టేంత సమయం దొరికింది. మీ తమ్ముడికి క్లాసు దొరికింది. రెండో సగం ఇంకా ఎవరూ ఇవ్వలేదు, ఈ మూడు నెలల్లో మీరు చూడాల్సింది అదే. లోపల అతను ఏం పని నేర్చుకున్నాడో అడగండి, వడ్రంగమా, వెల్డింగా, బేకరీయా. తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోలు బంకులు నడుపుతోంది, విడుదలైనవాళ్ళని కూడా వాటిలో పనికి తీసుకున్నారు, మీ జైలు సంక్షేమ అధికారిని దాని గురించి అడగడంలో తప్పు లేదు. లేదంటే మీకు తెలిసిన షాపులోనో షెడ్డులోనో విడుదలకి ముందే మాట్లాడి పెట్టండి, అతను చేసింది దాచకుండా చెప్పి మాట్లాడండి, దాచిపెట్టి ఇప్పించిన పని బయటపడిన రోజునే పోతుంది, ఆ రోజు అతని చెవులు వేడెక్కే రోజు అవుతుంది.

ఎక్కడ ఉంచాలి అన్నారు. ఊళ్ళో అయితే వద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు. అమ్మ కోరిక నాకు అర్థమవుతోంది, కానీ అదే బెల్టు షాపు, అదే నేస్తాలు, కన్ను పోయిన మనిషి రోజూ అదే బజార్లో నడుస్తుంటాడు. ఆ కుటుంబానికి కూడా ప్రశాంతంగా ఉండే హక్కుంది, దాన్ని మనం మర్చిపోకూడదు. క్షమాపణ అడుగుతానని మీ తమ్ముడు ఉత్సాహపడితే ఆపండి. వాళ్ళు కోరుకుంటేనే, పెద్దల ద్వారానే, అదీ తర్వాత.

మీ ఇంట్లోనూ ఇప్పుడే వద్దంటాను. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. మీ వారు ఒప్పుకోని ఇంట్లో ఉంటే అతను ప్రతి చూపునీ తూకం వేసుకుంటూ బతకాలి, ఆ టెన్షన్ మొదటి నెలల్లో మంచిది కాదు, మీ పిల్లలకీ మంచిది కాదు. పని దొరికే చోటికి దగ్గర్లో ఒక గది, మీ ఇంటికి ఒక్క బస్సు దూరంలో. వారానికి ఒక్క పూట భోజనానికి రమ్మనండి, మీ వారు ఇంట్లో ఉన్నప్పుడే రమ్మనండి. అమ్మ కావాలంటే వచ్చి ఆ గదిలో నాలుగు రోజులు ఉండి వెళ్ళొచ్చు. ఆరు నెలలు ఇలా గడిస్తే మీ వారే మాట మార్చుకుంటారేమో, మార్చుకోకపోయినా మీ సంసారం చెడదు.

ఇక వచ్చే ములాఖత్‌లో ఏం అడగాలో చెప్తాను. "మారావా?" అని అడగొద్దు, అందరూ మారామనే అంటారు. "ఆ రాత్రి సీసా ఎత్తే ముందు నీ మనసులో ఏ మాట తిరిగింది?" అని అడగండి. "అంతా అయిపోయిందక్కా, నేనిప్పుడు కొత్త మనిషిని" అని కొట్టిపారేస్తే ఇంకా పని మిగిలి ఉందని లెక్క. తడబడుతూ అయినా ఫలానా మాట అన్నాడు, నాన్నని తిడుతున్నాడనుకున్నా, నలుగురూ చూస్తున్నారనుకున్నా, పళ్ళు బిగుసుకున్నాయి అని విడివిడిగా చెప్పగలిగితే ఆ క్లాసు అతని లోపలికి వెళ్ళింది.

క్లాసు నడిపేవాళ్ళతో కూడా మాట్లాడించమని అడగండి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ బీనా చింతలపూరి తెలంగాణ జైళ్ళ కోసం 'ఉన్నతి' అనే కార్యక్రమం రూపొందించారు, మీ తమ్ముడు వెళ్తున్నది అదో వేరేదో కనుక్కోండి. ఎన్ని క్లాసులకి వెళ్ళాడు, రాయడంతో పాటు చేసి చూపించే సాధన ఉందా, లేక ప్రసంగాలూ ధ్యానమూ మాత్రమేనా అని తెలుసుకోండి. ధ్యానం మంచిదే, కానీ ఇది అది కాదు. పేరు చూసి నమ్మడం ఎంత ప్రమాదమో ఇంగ్లండ్ వాళ్ళకి అనుభవమైంది. లైంగిక నేరాలు చేసినవాళ్ళ కోసం అక్కడి జైళ్ళలో ఏళ్ళ తరబడి నడిపిన పెద్ద సీబీటీ కార్యక్రమాన్ని 2017లో వాళ్ళ న్యాయశాఖే లెక్క తీస్తే, చికిత్స తీసుకున్నవాళ్ళలో 10 శాతం మళ్ళీ అలాంటి నేరమే చేశారు, తీసుకోనివాళ్ళలో 8 శాతం. దాన్ని ఆపేసి వేరేవి తెచ్చారు. నాకు దీంట్లో నచ్చింది వాళ్ళు లెక్క తీసి బయటపెట్టడం. మన దగ్గర కూడా విడుదలైనవాళ్ళు రెండేళ్ళకి ఎలా ఉన్నారో ప్రతి జైలూ లెక్క తీసి చెప్పాలని నా గట్టి కోరిక.

బయటికొచ్చాక ఇది ఆగకూడదు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి, హైదరాబాద్ అయితే ఎర్రగడ్డ ఉంది. ప్రైవేటులో అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టేనా అని అడిగి మరీ వెళ్ళండి. రాత్రి వేళ అతనికో మీకో భయమేస్తే టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు సంగతి మాత్రం విడిగా చూడాలి. నాలుగేళ్ళు తాగలేదంటే మానేశాడని కాదు, దొరకలేదని. తాగిన మనిషి చేతిలో నోట్‌బుక్ పనిచేయదు, ఆ నాలుగు గళ్ళూ మందులో మునిగిపోతాయి. విడుదలైన మొదటి వారమే డీఅడిక్షన్ ఓపీకి తీసుకెళ్ళండి.

ఇంట్లో మీరు చేయాల్సింది చాలా చిన్నది, కానీ నేను చూసిన కుటుంబాల్లో ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. వాదన వేడెక్కినప్పుడు లేచి బయటికి వెళ్ళిపోవడం వాళ్ళకి నేర్పుతాం. అతను అలా లేవగానే మనవాళ్ళు "మాట్లాడుతుంటే ఎక్కడికి పోతున్నావ్, నిలబడు" అని వెంటపడతారు, చెయ్యి పట్టి లాగుతారు, తలుపుకి అడ్డం నిలబడతారు. అతను లేచి వెళ్ళడాన్ని అవమానంగా కాదు, అభ్యాసంగా చూడండి. ముందే ఒక మాట అనుకోండి, "అక్కా, వస్తా" అంటే అతను అరగంట బయట నడిచి వస్తాడు, ఎవరూ ఆపరు, వచ్చాక మొదట ఓ గ్లాసు మంచినీళ్ళు, ఆ తర్వాతే మాట. ఈ ఒప్పందం మీ వారికీ, అమ్మకీ కూడా చెప్పండి. అతను లేచి వెళ్ళకుండా గొంతు పెంచి మీద మీదికి వస్తే మాత్రం తమ్ముడని చూడకండి. పిల్లల్ని తీసుకుని మీరే బయటికి రండి, 100కో 112కో ఫోన్ చేయండి. ఈ సంగతి కూడా ముందే అతనితో అనండి, వింటాడు.

విడుదల రోజు గేటు దగ్గర వస్తువుల సంచీ ఇస్తారు. అందులో ఆ నోట్‌బుక్ ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడే అడగండి. మీరు చదవొద్దు. అతని గదిలో అతని చేతికి అందే చోట పెట్టండి, పక్కన ఓ కొత్త పెన్ను కూడా.